మూల ఇటాలిక్ భాషలో 'చేయు' క్రియ

మూల ఇటాలిక్ అనునది లాటిన్, ఫలిస్కన్, ఆస్కన్, అంబ్రియన్ మొదలైన ప్రాచీన ఇటలీ భాషలన్నింటికీ జననిగా భాషాశాస్త్రజ్ఞులు భావించే భాష. ఈ భాషలో రాసిన శాసనం గాని, గ్రంథం గాని ఒక్కటీ లేదు. క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో ఎప్పుడో మాట్లాడి ఉంటారని అంచనా. దాని పదాలన్నీ తరువాతి భాషల సాక్ష్యం నుండి వెనక్కి లెక్క కట్టి తెలుసుకున్నవే. ఇటువంటి పదాల ముందు నక్షత్రపు గుర్తు (*) ఉంచడం ఆనవాయితీ. ఈ గుర్తుకు అర్థం "ఇది ఎక్కడా రాసి కనబడలేదు, ఊహించి నిర్మించినది" అని.

ఈ వ్యాసం అటువంటి ఒక్క క్రియను గురించినది. లాటిన్‌లో 'నేను చేయుచున్నాను' అనడానికి ఫకియో అనీ, 'నేను చేసితిని' అనడానికి ఫేకీ అనీ అంటారు. ఈ రెంటి వెనుక ఉన్న మూల ఇటాలిక్ రూపాలను *ఫకియో, *ఫేక్-, *ఫెఫక్- అని పునర్నిర్మించారు. మూడవ రూపానికి లాటిన్ వైపు నుండి ఉన్న సాక్ష్యం ఒకే ఒక్క బంగారు పిన్ను మీద ఉన్నది. ఆ పిన్ను నకిలీదని చాలాకాలం వాదన నడిచింది. ఆ కథ కింద చూడవచ్చును.

గమనిక: ఈ వ్యాసంలో ఫ అక్షరాన్ని 'ఫ్యాను'లో వలె పలకవలెను, 'ఫలము'లో వలె కాదు. హ్రస్వ దీర్ఘ భేదం ఇక్కడ చాలా ముఖ్యం. తెలుగు లిపిలో ఎ-ఏ, ఒ-ఓ లకు వేరు వేరు అక్షరాలు ఉండడం వలన లాటిన్, గ్రీకు అచ్చులను ఉన్నవి ఉన్నట్లు రాయడం వీలవుతున్నది. దేవనాగరిలో రాసేవారికి ఈ సౌకర్యం తక్కువ.

పునర్నిర్మాణ పద్ధతి

ఈ పద్ధతిని ముందు మన భాషల్లోనే చూస్తే సులువుగా అర్థమవుతుంది. తెలుగులో, తమిళంలో చెవి అన్నదాన్ని కన్నడంలో కివి అంటారు. ఎ, ఇ వంటి అచ్చుల ముందు తెలుగు, తమిళాల్లో చ ఉన్నచోట కన్నడంలో క ఉండడం ఇదొక్క మాటకే పరిమితం కాదు, వరుసగా కనబడుతుంది. మూలంలో క ఉండి తెలుగు, తమిళాల్లో చ గా మారిందని దీనివలన నిర్ణయిస్తారు. అప్పుడు తెలుగు చేయు, తమిళ చెయ్, కన్నడ గెయ్ ఒకే మూలం నుండి వచ్చినవని, ఆ మూల ద్రావిడ రూపం *కెయ్- అని చెప్పగలుగుతారు. తెలుగు ధాతువుల మీద ఇటువంటి పనిని భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన 'తెలుగు వెర్బల్ బేసెస్' గ్రంథంలో విస్తారంగా చేశారు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, శబ్దాలు దగ్గరగా వినబడడం సాక్ష్యం కాదు. తేడా ఒక నియమం ప్రకారం ఉండడమే సాక్ష్యం. (తెలుగు చేయు ద్రావిడ పదం. దీనికి లాటిన్ ఫకియోతో ఏ సంబంధమూ లేదు. పద్ధతి ఒకటే, అంతే.)

సోదర భాషల సాక్ష్యం

లాటిన్ ఒక్కదానినే పట్టుకొని కూర్చుంటే ఫకియో ఎక్కడినుండి వచ్చిందో చెప్పలేము. కారణం, లాటిన్ పదాది ఫ కారం మూడు వేరు వేరు మూల ధ్వనుల నుండి వచ్చింది. లాటిన్ ఫెరో (మోయుచున్నాను) సంస్కృత భరతికి సోదరం, అక్కడ ఫ కు మూలం భ. లాటిన్ ఫూముస్ (పొగ) సంస్కృత ధూమానికి సోదరం, అక్కడ మూలం ధ. లాటిన్ ఫోర్ముస్ (వేడి) సంస్కృత ఘర్మానికి సోదరం, అక్కడ మూలం ఘ వంటి ధ్వని. మరి ఫకియోలోని ఫ ఈ మూడింటిలో ఏది?

దీనికి గ్రీకు భాష సమాధానం ఇచ్చింది. గ్రీకులో తిథేమి అంటే 'పెట్టుచున్నాను'. దాని భూతకాలం ఎథేకె, అనగా 'పెట్టెను'. మొదటి ఎ కారం భూతకాలాన్ని సూచించే ఆగమం, సంస్కృతంలో అగమత్, అభవత్ వంటి రూపాల్లోని అ కారం వంటిదే. దానిని తీసివేస్తే మిగిలేది థేకె. ధ కారం గ్రీకులో థ గాను, లాటిన్ పదాదిలో ఫ గాను మారుతుంది కనుక, గ్రీకు థేకె, లాటిన్ ఫేకి(త్) రెండూ ఒకే రూపం అవుతాయి. 1952లో మైకేల్ వెంట్రిస్ లీనియర్ బి లిపిని చదివిన తరువాత, పైలోస్‌లో దొరికిన మట్టి పలకలలో ఇదే క్రియ తేకె అని కనబడింది. అంటే ఈ క కారం క్రీ.పూ. 1200 ప్రాంతం నాటికే గ్రీకులో ఉన్నది.

సంస్కృతంలో ఇదే ధాతువు ధా. లట్టులో దధాతి, లుఙ్‌లో అధాత్. పాణినీయ ధాతుపాఠంలో దీనిని డుధాఞ్ అని చదివి ధారణ, పోషణ అనే అర్థాలు ఇచ్చారు. లిథువేనియన్‌లో దేతి (పెట్టు), ఇంగ్లీషులో డూ (చేయు), జర్మన్‌లో తూన్ కూడా ఈ కుటుంబానివే. వీటన్నింటినీ కలిపి మూల ఇండో-యూరోపియన్ ధాతువును *ధెహ్₁- అని నిర్ణయించారు. అర్థం 'పెట్టు, ఉంచు'.

హ్₁ అనే గుర్తు

ఈ ధాతువులోని హ్₁ విద్యార్థులను తికమక పెడుతుంది. ఇది లారింజియల్ ధ్వనులు అని పిలిచే మూడింటిలో మొదటిది. ఇటువంటి లుప్త ధ్వనులు ఉండి ఉంటాయని ఫెర్డినాండ్ ద సస్యూర్ ఇరవై ఒకటవ ఏట రాసిన గ్రంథంలో (ముద్రణ సంవత్సరం 1879) కేవలం తర్కం మీద ప్రతిపాదించాడు. 1915లో హ్రోజ్నీ హిట్టైట్ భాషను గుర్తించిన తరువాత, 1927లో కురిలోవిచ్ ఆ భాషలోని హ కారాలు కొన్ని సస్యూర్ చెప్పిన చోట్లనే ఉన్నాయని చూపించాడు. ఐతే మన ధాతువులోని మొదటి రకం లారింజియల్ హిట్టైట్‌లో కూడా సాధారణంగా మిగలలేదు. హిట్టైట్ తేహ్హి (పెట్టుచున్నాను) అనే రూపంలో హ కనబడుతుంది గాని అది ఉత్తమపురుష ప్రత్యయానిది, ధాతువుది కాదు. ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

ధాతువులో అచ్చు ఉన్నప్పుడు ఎ, హ్₁ కలిసి దీర్ఘమైన ఏ అయింది. ఫేకీలోని ఏ కారం ఇదే. అచ్చు లోపించినప్పుడు రెండు హల్లుల నడుమ చిక్కిన హ్₁ ఒక్కొక్క భాషలో ఒక్కొక్క అచ్చుగా తేలింది. లాటిన్‌లో అ, గ్రీకులో ఎ, సంస్కృతంలో ఇ. కాబట్టి లాటిన్ ఫక్తుస్ (చేయబడిన), గ్రీకు థెతోస్ (ఉంచబడిన), సంస్కృత హిత (ఉంచబడిన) అనే మూడు పదాల్లోని అ, ఎ, ఇ లు ఒకే ధ్వనికి మూడు వారసులు. స్థా ధాతువు విషయంలోనూ లాటిన్ స్తతుస్, సంస్కృత స్థిత అని అదే వరస కనబడుతుంది. మనం తెలుగులో నిత్యం వాడే 'హితం' అన్న మాటలోని ఇ కారం ఫకియోలోని అ కారానికి జోడు అని చెబితే వెంటనే నమ్మశక్యం కాదు గాని, నియమాలు వేరే దారి ఇవ్వవు.

ఇటలీ లోపలి రూపాలు

ఇటలీ భాషల్లో ఈ క్రియ విస్తారంగా దొరుకుతుంది. ఆస్కన్‌లో ఫకియాద్ (చేయుగాక), అంబ్రియన్‌లో ఫెయితు (చేయవలెను), ఫకుస్త్ (చేసియుండును) ఉన్నాయి. అంబ్రియన్ రూపాలు గుబ్బియో పట్టణంలో 1444లో దొరికిన ఏడు కంచు పలకల లోనివి. యజ్ఞ విధులను చెప్పే పాఠం కనుక 'చేయవలెను' అన్న మాట అందులో అడుగడుగునా వస్తుంది. ఈశాన్య ఇటలీలోని వెనెటిక్ భాషలో ఫగ్‌స్తో (చేసెను) అనే రూపం ఉన్నది. వెనెటిక్ ఇటాలిక్ శాఖలోనిదా, దాని పొరుగుదా అన్నది తేలలేదు గాని ఈ క్రియ మాత్రం రెంటికీ ఉమ్మడి సొత్తు.

ధ కారం పదాదిలో ఈ భాషలన్నింటిలో ఫ అయింది. పదమధ్యంలో మాత్రం దారులు వేరయ్యాయి. సంస్కృత మధ్యకు సోదరమైనది లాటిన్‌లో మెదియుస్, ఆస్కన్‌లో మెఫి- అని మొదలవుతుంది. అంటే ఆస్కన్ ఫ నిలుపుకున్నది, లాటిన్ ద చేసుకున్నది. కొన్ని హల్లుల పక్కన లాటిన్‌లో బ కూడా వస్తుంది. సంస్కృత రుధిరానికి సోదరం లాటిన్ రుబెర్ (ఎర్రని), అంబ్రియన్‌లో రుఫ్ర్-. ధ కారం తిన్నగా ఫ కాలేదని, మధ్యలో ఇంగ్లీషు 'థింక్'లోని థ వంటి ఊష్మం ఒకటి ఉన్నదని సాధారణ అభిప్రాయం.

దీని ఫలితం ఒకటి ఆసక్తికరమైనది. లాటిన్‌లో ఈ ధాతువు పదాదిలో ఫ తోను, ఉపసర్గల తరువాత కొన్ని పాత సమాసాల్లో ద తోను కనబడుతుంది. కొందో (కలిపి ఉంచు, స్థాపించు) లోని -దో ఇదే. క్రేదో (నమ్ముచున్నాను) లోనిది కూడా ఇదే. క్రేదో, సంస్కృత శ్రద్ధ అక్షరాలా ఒకే సమాసం. 'పురోహితుడు' అనే అర్థంగల సకెర్దోస్ అంటే పవిత్రము చేయువాడు అని వ్యుత్పత్తి. రోమన్లకు ఈ సంబంధం తెలియదు. ఇచ్చు అనే అర్థంగల దరె క్రియ సమాసాలతో ఈ -దో రూపాలు కలిసిపోవడమే దీనికి కారణం.

ఇంకొక జాగ్రత్త. ఫకియోకు కర్మణి రూపంగా లాటిన్ వాడే ఫీయో (చేయబడుచున్నాను, అగుచున్నాను) ఈ ధాతువు కాదు. అది సంస్కృత భూ ధాతువుకు సోదరం. వ్యాకరణ పుస్తకంలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన రెండూ ఒక ఇంటివి కావు.

ప్రెనెస్తె పిన్ను

లాటిన్ భూతకాల రూపం ఫేకిత్ (చేసెను). రోమ్‌లో 1880లో హైన్రిఖ్ డ్రెసెల్ కనుగొన్న మూడు చిన్న కుండల జంటపాత్ర మీద ఇది ఫేకెద్ అని ఉన్నది. ఈ పాత్రను దువెనోస్ శాసనం అంటారు, సామాన్యంగా క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిదని లెక్క. చివర త్ బదులు ద్ ఉండడం పాత పద్ధతి. భూతకాలపు పాత ప్రత్యయం మూల ఇటాలిక్‌లో *-ద్ అని దీనివల్ల, ఆస్కన్ దెదెద్ (ఇచ్చెను) వల్ల తెలుస్తున్నది.

ఆస్కన్ మాత్రం ఫేక్- అనదు. సుమారు క్రీ.పూ. 100 నాటి బంతియా కంచు పలక మీద ఫెఫకిద్, ఫెఫకుస్త్ అని ఉన్నాయి. ధాతువు మొదటి హల్లును రెండుసార్లు పలకడాన్ని ద్విరుక్తి అంటారు. సంస్కృతంలో చకార, దదర్శ వంటి లిట్ రూపాలు చూసినవారికి ఇది కొత్త కాదు. ఇక్కడ చిక్కు వస్తుంది. మూల ఇటాలిక్‌లో ద్విరుక్తి ఉండేదా? లేక ఆస్కన్ తరువాతి కాలంలో కల్పించుకున్నదా? ఒక్క భాష సాక్ష్యంతో తేల్చలేము.

1887లో వోల్ఫ్‌గాంగ్ హెల్బిగ్ అనే జర్మన్ పురావస్తు పండితుడు రోమ్‌లోని జర్మన్ పురావస్తు సంస్థలో ఒక బంగారు పిన్నును ప్రదర్శించాడు. వస్త్రం మడతను పట్టి ఉంచే పిన్ను అది, ప్రెనెస్తె (నేటి పలెస్త్రినా) లోనిదని చెప్పాడు. దాని మీద కుడి నుండి ఎడమకు నాలుగు మాటలు ఉన్నాయి: మానియోస్ మేద్ ఫెఫకెద్ నుమసియోయ్. 'మానియుడు నన్ను నుమసియుని కొరకు చేసెను' అని అర్థం. ఫ ధ్వనికి అప్పట్లో వేరే అక్షరం లేక, వ కారపు గుర్తు పక్కన హ కారపు గుర్తు చేర్చి రాశారు. క్రీ.పూ. 7వ శతాబ్దపు లాటిన్‌లో ఆస్కన్ మాదిరి ద్విరుక్తి! అప్పటినుండి లాటిన్ చరిత్ర పుస్తకాల్లో మొదటి ఉదాహరణగా ఈ శాసనమే ఉండేది.

అనుమానాలు తొందరగానే మొదలయ్యాయి. వస్తువును ఏ సమాధి నుండి తీశారో హెల్బిగ్ స్పష్టంగా చెప్పలేదు. 1975లో ఆర్థర్ గోర్డన్ సందేహాలన్నింటినీ క్రోడీకరించాడు. 1980లో మార్గెరీత గ్వార్దుచ్చి అనే శాసన పండితురాలు ఇది హెల్బిగ్, పురావస్తు వ్యాపారి ఫ్రాంచెస్కో మార్తినెత్తి కలిసి చేయించిన నకిలీ అని వాదించింది. ఈ వాదన తరువాత అనేకులు ఫెఫకెద్‌ను తమ పట్టికల నుండి తొలగించారు, లేదా ప్రశ్నార్థకంతో ఉంచారు. దానితో *ఫెఫక్- అనే మూల ఇటాలిక్ రూపానికి ఆధారం మళ్ళీ ఆస్కన్ ఒక్కటే అయింది.

భాషాపరంగా పిన్ను పక్షాన ఒక మంచి వాదన ఉండేది. చారిత్రక కాలానికి ముందు లాటిన్‌లో ఊనిక పదం మొదటి అక్షరం మీద ఉండేది, ఆ ఊనిక వలన తరువాతి అక్షరాల్లోని అ కారం బలహీనపడింది. ఫకియో, కోన్‌ఫికియో అనే జంటలో అ కాస్తా ఇ కావడం ఇందువల్లనే. ఈ మార్పు తరువాత పుట్టిన శాసనమైతే ఫెఫికెద్ వంటి రూపం ఉండాలి. పిన్ను మీద అ చెక్కుచెదరలేదు. క్రీ.పూ. 600 ప్రాంతం నాటి ఫలిస్కన్ శాసనంలో పెపరాయ్ (కంటిని) అన్న రూపంలో కూడా ఇలాగే అ నిలిచి ఉన్నది, సాహిత్య లాటిన్‌లో అది పెపెరీ. ఐతే 1887 నాటికి ఈ నియమం, ఆస్కన్ రూపం రెండూ పండితులకు తెలుసు. తెలిసినవాడు నకిలీ చేస్తే ఇలాగే చేస్తాడని ప్రతివాదులు అన్నారు. ఆ మాటకు భాషాశాస్త్రం దగ్గర జవాబు లేదు. రూపం సరిగా ఉండడం ఒక్కటే వస్తువు ప్రాచీనతకు రుజువు కాజాలదు.

చివరికి జవాబు లోహశాస్త్రం ఇచ్చింది. ఎదిల్బెర్తో ఫోర్మిల్యి, దానియేల ఫెర్రో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పిన్నును పరీక్షించి, దీర్ఘకాలం గడిస్తే గాని బంగారం ఉపరితలం మీద ఏర్పడని సూక్ష్మ స్ఫటికాలు శాసన గీతల్లో కూడా ఉన్నాయని 2011లో ప్రకటించారు. 19వ శతాబ్దపు నకిలీదారుడు అటువంటి స్ఫటికాలను సృష్టించగలిగేవాడు కాదు. అప్పటినుండి పిన్ను అసలైనదేనని సాధారణంగా అంగీకరిస్తున్నారు. ఇది రోమ్‌లోని పిగొరీని ప్రదర్శనశాల సంపద.

ఇప్పుడు లెక్క ఇలా ఉన్నది. మూల ఇటాలిక్‌కు సంస్కృతం మాదిరిగానే రెండు భూతకాల రూపాలు వారసత్వంగా వచ్చాయి. లుఙ్ వంటిది *ఫేక్-, గ్రీకు థేకెకు జోడు. లిట్ వంటిది *ఫెఫక్-. ఇటాలిక్ భాషలన్నీ ఈ రెండు లకారాలను కలిపి ఒకే భూతకాలంగా చేసుకున్నాయి. కలిపేటప్పుడు ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క రూపాన్ని ఉంచుకున్నాయి. రోమ్ ఫేక్- ను ఎంచుకున్నది, ఆస్కన్‌వారు ఫెఫక్- ను ఎంచుకున్నారు. రోమ్‌కు ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరంలోని ప్రెనెస్తె కూడా ఫెఫక్- నే చెప్పింది. లాటిన్‌లోనే ఊరికొక రూపం ఉండడం వింత కాదు.

వీటితోపాటు ప్లౌతుస్ నాటకాల వంటి పాత లాటిన్‌లో ఫక్సో (చేసెదను), ఫక్సిత్ (చేయునుగాక) అనే స కార రూపాలు ఉన్నాయి. వీటి మూలం మీద అభిప్రాయభేదాలు ఉన్నాయి. వెనెటిక్ ఫగ్‌స్తోలోని స కారానికి వీటితో సంబంధం ఉండవచ్చును.

క కారం ఎక్కడిది?

ఇదే ఈ క్రియలో మిగిలిపోయిన చిక్కుముడి. సంస్కృత ధా ధాతువులో క లేదు. ఇంగ్లీషు, లిథువేనియన్ రూపాల్లో లేదు. ఇటలీ భాషలు, గ్రీకు, వీటితోపాటు అనతోలియాలోని ఫ్రిజియన్ భాషలో మాత్రమే ఉన్నది. ఫ్రిజియన్ సమాధుల మీద 'ఈ సమాధికి ఎవడు కీడు చేయునో' అనే శాపవాక్యంలో అద్దకెత్ (చేయును) అనే రూపం వస్తుంది. గ్రీకులో క కారం ఏకవచనానికే పరిమితం, బహువచనం ఎథెమెన్ (పెట్టితిమి) లో లేదు. లాటిన్ మాత్రం క కారాన్ని వర్తమానానికి, భూతానికి, క్తాంత రూపానికి అన్నింటికీ వ్యాపింపజేసింది.

ఇది యాదృచ్ఛికం కాదని ఇంకొక క్రియ చెబుతున్నది. లాటిన్ యకియో (విసరుచున్నాను), యేకీ (విసరితిని). గ్రీకులో దీని సోదరం హియేమి, భూతకాలం హేక. ఇక్కడ కూడా హ్₁తో ముగిసే ధాతువు, ఇక్కడ కూడా అదే క కారం. లారింజియల్ ధ్వనే కొన్ని పరిసరాల్లో గట్టిపడి క అయిందని ఒక పక్షం. ధాతువుకు చేరిన ఒక పాత ప్రత్యయమని మరొక పక్షం. మొదటి వాదం అందంగా ఉన్నది గాని, దానికి కావలసిన పరిసరాలు ఏవో ఎవరూ అందరికీ నచ్చేట్లు చెప్పలేకపోయారు.

'పెట్టు' నుండి 'చేయు' వరకు

అర్థం మారిన తీరు ఊహించడం కష్టం కాదు. ఉంచుట, నెలకొల్పుట, కలుగజేయుట, చేయుట అనే మెట్లు సంస్కృతంలోనూ కనబడతాయి. సృష్టికర్తను ధాత, విధాత అనడం ఈ ధాతువు నుండే. ఇంగ్లీషు, జర్మన్ భాషలు కూడా 'చేయు' అర్థానికే వచ్చాయి. లాటిన్‌లో పాత అర్థం కొందో వంటి సమాసాల్లో దాగి ఉన్నది.

తెలుగులో ఈ ధాతువు సంతానం

తెలుగు ద్రావిడ భాష అయినప్పటికీ ఈ ధాతువు మాటలు రెండు దారుల్లో వచ్చి చేరాయి. సంస్కృతం నుండి వచ్చినవి విధి, నిధి, సంధి, పరిధి, ఉపాధి, సమాధి, విధానం, ప్రధానం, శ్రద్ధ, హితం మొదలైనవి. లాటిన్ నుండి ఇంగ్లీషు మీదుగా వచ్చినవి ఫ్యాక్టరీ, ఆఫీసు, ఎఫెక్టు, ప్రాఫిట్, సర్టిఫికెట్ మొదలైనవి. ఫ్యాషన్, ఫ్యాక్షన్ రెండూ లాటిన్ ఫక్తియో అనే ఒకే మాట రూపాంతరాలు, మొదటిది ఫ్రెంచి ఇంటి గుండా వచ్చింది. ఫ్యాక్స్ అన్నది ఫక్ సిమిలె (దీనివంటిది చేయుము) అనే లాటిన్ విధివాక్యానికి సంక్షేపం. 'విధివాక్యం' అనే మాటలోని విధి కూడా ఈ ధాతువుదే. అంతెందుకు, వ్యాకరణంలో క్రియల మూలరూపాన్ని చెప్పే 'ధాతువు' అన్న పదమే ధా ధాతువు నుండి పుట్టినది.